ఛాలెంజ్ తీసుకుంటే మనసు గట్టిపడుతుందా? గ్రౌండ్‌లో మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలు

హనుమకొండలో పొద్దున ఐదున్నరకు మేం కొంతమంది కలిసి పరుగెత్తుతాం. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు (పోలీసు ఉద్యోగానికి పెట్టే పరుగు వంటి శారీరక పరీక్షలకు) తయారయ్యే పిల్లలు, ఇంటర్ విద్యార్థులు, టీచర్లు, దుకాణదారులు, రిటైరైనవాళ్లు అందరూ వస్తారు. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ ఇంచుమించు ఇవే అడుగుతారు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఛాలెంజ్ అంటే ఇక్కడ మన ఒంటికి మనమే పెట్టుకునే లక్ష్యం, ఇన్ని రోజుల్లో ఇంత పరుగో నడకో అని. నేను జూనియర్ కాలేజీ లెక్చరర్‌ను, డాక్టర్‌ను కాదు. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావాల్సింది మాత్రమే చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఒళ్లు అలిసిపోతే మనసు ఎట్ల గట్టిపడుతుంది? ఇది నిజమేనా, ఊరికే అనే మాటనా?

నిజమే, కానీ దానికి హద్దులున్నాయి.

భయం వేసినప్పుడు ఒంట్లో ఏమవుతుందో గుర్తు తెచ్చుకోండి. గుండె దడదడలాడుతుంది, దమ్ము ఎగపోస్తుంది, చెమట పడుతుంది, నోరు ఎండుతుంది. గట్టిగా పరుగెత్తినా ఇవే వస్తాయి. కాకపోతే పరుగులో ఆ దడను మనమే తెచ్చుకుంటాం, వేగం తగ్గించి మనమే దించుకుంటాం. వారానికి మూడు నాలుగుసార్లు ఇలా ఎక్కించి దించుతూ ఉంటే ఆ దడ మెదడుకు పరిచయమైపోతుంది. ఇంటర్వ్యూ గది ముందు కూర్చున్నప్పుడు గుండె వేగం పెరిగినా 'ఇది నాకు తెలిసిందే, కాసేపట్లో తగ్గుతుంది' అనిపిస్తుంది.

రెండోది, నీకు నువ్వు ఇచ్చుకున్న మాట నిలబెట్టుకోవడం. 'రేపు నాలుగు రౌండ్లు కొడతా' అని కొట్టిన ప్రతిసారీ నీ మీద నీకు ఒక సాక్ష్యం దొరుకుతుంది. మూడోది నిద్ర. కష్టపడిన ఒంటికి నిద్ర బాగా పడుతుంది, నిద్ర బాగుంటే రంది సగం తగ్గుతుంది. పరుగు తర్వాత వచ్చే హాయికి ఎండార్ఫిన్లే కారణమని చాలామంది చెబుతారు. కానీ రక్తంలోని ఎండార్ఫిన్లు మెదడులోకి అంత సులువుగా వెళ్లలేవు. శరీరమే తయారుచేసుకునే ఎండోకన్నాబినాయిడ్లు అనే పదార్థాల పాత్ర ఎక్కువని ఇప్పుడు పరిశోధకులు భావిస్తున్నారు.

ఇక హద్దుల సంగతి. మా నాన్న పోయిన ఏడాది నాకు రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. గ్రౌండ్‌లో రౌండ్లు లెక్కపెట్టుకుంటూ తిరిగేవాణ్ని. దుఃఖం పోలేదు. కానీ దాన్ని మోస్తూనే కాలేజీకి వెళ్లి పాఠం చెప్పగలిగాను. పరుగు నాకు చేసిన మేలు అంతవరకే, నాకు అది చాలా పెద్దది.

మేం పొద్దంతా పత్తి చేన్లో, మిరప తోటలో పనిచేస్తం. మాకు మళ్ల ఈ ఛాలెంజ్ ఎందుకు?

ఈ ప్రశ్న పర్వతగిరి వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు అడిగాడు. చాలా న్యాయమైన ప్రశ్న.

చేను పని ఒంటిని గట్టిపరుస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ ఆ కష్టం మీ చేతిలో ఉండదు. వాన ఎప్పుడు పడుతుందో, ఎనుమాముల మార్కెట్‌లో రేటు ఎంత పలుకుతుందో మీరు చెప్పలేరు, మధ్యలో ఆపేయనూలేరు. ఆపలేని కష్టం మనసును అలసిపోయేలా చేస్తుంది. ఛాలెంజ్‌లో ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంత చేయాలో, ఎక్కడ ఆపాలో మీరే నిర్ణయించుకుంటారు. మనసుకు బలమిచ్చేది ఆ అధికారమే.

నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు దీని జోలికి రావద్దు. అప్పుడు ఒంటికి కావాల్సింది విశ్రాంతి. పని తగ్గిన నెలల్లో సాయంత్రం ఊళ్లో నలుగురితో కలిసి కబడ్డీనో వాలీబాలో ఆడండి, లేదా చెరువు కట్ట మీద వేగంగా నడవండి. నలుగురితో కలవడం కూడా అందులో భాగమే. అప్పుల బాధనైనా పక్కన నడుస్తున్న మనిషితో చెప్పుకోవడం, ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోవడం కన్నా తేలిక.

ఎంత పెద్ద లక్ష్యం పెట్టుకోవాలె? ఏకంగా మారథానా?

ఇప్పుడు చేయగలిగిన దానికన్నా కొంచెం ఎక్కువ, అంతే. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. ఆగకుండా రెండు కిలోమీటర్లు కూడా పోలేని మనిషికి అది లక్ష్యం కాదు, కల మాత్రమే.

నిజామాబాద్ జిల్లా బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. అందరికీ ఆ శిఖరమే గుర్తుంటుంది. కానీ ఆమె మొదట ఎక్కింది భువనగిరి గుట్ట. ఆ తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ, ఆ పైన లడాఖ్ చలి. ఒక్కో మెట్టు ముందరి దానికన్నా కాస్త కష్టం.

కొత్తవాళ్లకు నేను చెప్పేది: ఎనిమిది నుంచి పది వారాల్లో ఆగకుండా ఐదు కిలోమీటర్లు. పరుగు పడనివాళ్లు వడ్డేపల్లి చెరువు కట్ట మీద రోజూ నలభై నిమిషాల వేగ నడక పెట్టుకోండి. అదీ ఛాలెంజే.

నాకు 47 ఏండ్లు. బీపీ, షుగర్ ఉన్నయి. చేయొచ్చా?

ముందు డాక్టర్‌కు చూపించుకోండి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవాళ్లు ఉండటం వంటివి తప్పకుండా చెప్పండి. షుగర్ మందులు లేదా ఇన్సులిన్ వాడేవాళ్లు జేబులో గ్లూకోజో నాలుగు చాక్లెట్లో పెట్టుకుని రావాలి. నడకతో మొదలుపెట్టి, మాట్లాడుతూ నడవగలిగేంత వేగంలోనే నెల రోజులు ఉండండి.

డిప్రెషన్‌కు మందులు వాడుతున్న. పరుగు మొదలుపెట్టి మందులు ఆపేయొచ్చా?

వద్దు. మీ అంతట మీరు ఒక్క గోలీ కూడా ఆపొద్దు, తగ్గించొద్దు. వ్యాయామం డిప్రెషన్‌కు మేలు చేస్తుంది, అది చికిత్సకు తోడు. మందుల మార్పు డాక్టర్ చేతిలోనే ఉండాలి. 'గ్రౌండ్‌కు రా, అన్నీ పోతయి' అని ఎవరైనా అంటే వాళ్ల మనసు మంచిదే, మాట మాత్రం తప్పు. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

జిమ్‌కు డబ్బులు లేవు. ఏమేం కొనాలె?

ఒక జత బూట్లు, కాలికి సరిపోయేవి, మడమ అరగనివి. ఇంకేం అక్కర్లేదు. దండాలు, బస్కీలు, మెట్లెక్కడం అన్నీ ఉచితం.

## మొదటి నెల

రెండు నిమిషాలు ఉరికితేనే దమ్ము ఆడతలేదు. నా వల్ల కాదేమో?

మీ వల్ల అవుతుంది. మీరు చాలా వేగంగా పోతున్నారు, అంతే. ఒక నిమిషం మెల్లగా పరుగు, నిమిషంన్నర నడక, ఇలా మొత్తం ఇరవై నిమిషాలు, వారానికి మూడు రోజులు. పక్కవాళ్లతో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం తగ్గించాలి. వారం గడిచాక పరుగు అరనిమిషం పెంచండి.

లావుగా ఉన్న. గ్రౌండ్‌లో అందరు నన్నే చూసి నవ్వుతరేమో?

మొదటి వారం అలాగే అనిపిస్తుంది. నిజానికి గ్రౌండ్‌లో ఎవరి దమ్ము గురించి వాళ్లే ఆలోచిస్తుంటారు. అయినా ఒకరిద్దరు నవ్వొచ్చు, నవ్వరని అబద్ధం చెప్పను.

మన వరంగల్ జిల్లా కల్లెడ గ్రామం నుంచి వచ్చిన జీవంజి దీప్తి చిన్నప్పుడు ఊళ్లో ఎన్ని వెక్కిరింపులు పడిందో ఆమె తల్లిదండ్రులే చెప్పారు. ఆ అమ్మాయి 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి, మేధోపరమైన వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు సాధించింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. వెక్కిరింపు ఆగాక పరుగెత్తలేదు ఆమె. అది వినబడుతున్నప్పుడే పరుగెత్తింది.

మీకు చేతనైన ఉపాయం ఒకటి చెబుతాను: మొదటి పది రోజులు తోడుగా ఒకరిని తెచ్చుకోండి.

నాలుగు రోజులు మానేసిన. మళ్ల మొదటి రోజు నుంచి మొదలుపెట్టాల్నా? 75 హార్డ్‌లో అట్లనే ఉంటదంట కదా?

అన్ని ప్రశ్నల్లో నాకు ముఖ్యమైనది ఇదే.

75 హార్డ్ అమెరికా నుంచి వచ్చిన ఛాలెంజ్. 75 రోజులపాటు రోజుకు రెండుసార్లు నలభై ఐదేసి నిమిషాల వ్యాయామం, అందులో ఒకటి ఆరుబయట. మూడున్నర లీటర్లకు పైగా నీళ్లు, తిండి నియమం, పది పేజీల చదువు, రోజుకో ఫోటో. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటి రోజు నుంచే. పూర్తి చేసినవాళ్లను నేను గౌరవిస్తాను. కానీ ఆ చివరి నియమం మనలాంటి వాళ్లకు చెడుపు చేస్తుంది. ఇంట్లో పెళ్లి, బిడ్డకు జ్వరం, బతుకమ్మ రోజులు, వరి కోతలు. ఏదో ఒకరోజు తప్పుతుంది. తప్పిన మరుక్షణం నలభై రోజుల కష్టం సున్నా అయిందనుకుంటే, 'ఇక నాతో కాదు' అని ఇంట్లో కూర్చుంటారు. అలా కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను.

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2009లో ప్రకటించిన అధ్యయనంలో, ఒక అలవాటు దానంతటదే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా కనబడింది. మధ్యలో ఒక్కసారి తప్పినంత మాత్రాన అలవాటు పడటానికి పెద్ద దెబ్బేమీ తగల్లేదు.

మా దగ్గర నియమం ఒకటే: వరుసగా రెండు రోజులు తప్పొద్దు. అది కూడా తప్పితే, మీలాగా నాలుగు రోజులు పోతే, ఐదో రోజు వచ్చి సగమే చేయండి. జ్వరం వచ్చి మానితే అది తప్పు లెక్కలోకి రాదు. పదిహేనేళ్లుగా ఈ గ్రౌండ్‌లో మనుషులను చూస్తున్నాను. ఎప్పుడూ తప్పనివాళ్లకన్నా, తప్పి సిగ్గుపడుతూనే మళ్లీ వచ్చినవాళ్లే జీవితంలో దెబ్బ తగిలినప్పుడు నిలబడ్డారు. వాళ్లకు తిరిగి రావడం అలవాటైంది.

పొద్దున లేవలేకపోతున్న. సాయంత్రం చేస్తే పనికొస్తదా?

పనికొస్తుంది. మనసుకు పొద్దునా సాయంత్రమా అని తేడా లేదు. రోజూ ఒకే వేళ పెట్టుకోండి. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం గట్టిగా చేయొద్దు, నిద్ర చెడుతుంది.

ఆడపిల్లను. ఐదింటికి చీకటి, ఒంటరిగా పోవాలంటే భయం. పైగా కుక్కలు.

మీ భయం సరైనదే, దాన్ని గెలవడం ఛాలెంజ్‌లో భాగం కాదు. వెలుగు వచ్చాకే బయలుదేరండి, మనుషులు తిరిగే చోటునే ఎంచుకోండి, ఇద్దరు ముగ్గురు కలిసి రండి. చెవుల్లో పాటలు వద్దు. ఎవరైనా వెంటపడితే 100కు చేయండి, ఆడవాళ్ల రక్షణ కోసం ఉన్న పోలీసు బృందాలు, షీ టీమ్స్ వాళ్లు స్పందిస్తారు.

కుక్క కనబడితే పరుగు ఆపి నడవండి, కళ్లలోకి చూడొద్దు. కరిస్తే వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు టీకా వేయించుకోవాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు.

ఇంకో మాట. ఊరికే ఆయాసం వస్తోందంటే బద్ధకమనుకోకుండా రక్తపరీక్ష చేయించుకోండి. 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది.

ఎండాకాలం ఏం చేయాలె? ఎండను తట్టుకుంటే ఇంకా గట్టిపడతం కదా?

గట్టిపడరు, ఆసుపత్రి పాలవుతారు. మేలో మన దగ్గర 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఏడు గంటలకల్లా ముగించండి. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది, అప్పటిదాకా దూరం తగ్గించండి. రోహిణి కార్తెలో నేను పరుగు మానేసి ఇంట్లోనే దండాలు, బస్కీలు చేస్తాను.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు, చెంచా అంచు వరకే, గోపురంగా వద్దు. మాట తడబడినా, మనిషి తికమకగా ప్రవర్తించినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయాలి.

## మధ్యలో, కష్టం మొదలైనప్పుడు

మూడో రౌండ్‌లో లోపల నుంచి 'ఇక ఆపెయ్' అని వినిపిస్తది. అప్పుడు ఏం చేయాలె?

1600 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. మొదటి రౌండ్ ఉత్సాహంతో పోతుంది. నాలుగోది చివరిది కాబట్టి ఎలాగో లాగుతాం. మూడోదానికి ఏ ఆసరా లేదు. అందరికీ అక్కడే కాళ్లు బరువెక్కుతాయి.

మొదట లెక్క సరిచూసుకోండి. 2022 కానిస్టేబుల్ నియామకాల్లో మగవాళ్లకు 1600 మీటర్లకు ఇచ్చిన సమయం 7 నిమిషాల 15 సెకన్లు. అంటే రౌండ్‌కు 1 నిమిషం 48 సెకన్ల పైచిలుకు. చాలామంది మొదటి రౌండ్ నిమిషంన్నరలో కొట్టి, మూడోదాంట్లో దానికి వడ్డీతో సహా కడతారు. మనసు బలహీనమని అనుకుంటున్నది చాలాసార్లు వేగం పంచుకోవడంలో పొరపాటే.

లెక్క సరిగ్గా ఉన్నా ఆ గొంతు వినిపిస్తే దానితో వాదించకండి. వాదిస్తే అదే గెలుస్తుంది. ఎదురుగా ఒక గుర్తు చూసుకోండి, కరెంటు స్తంభమో గోల్‌పోస్టో. 'అక్కడిదాకా.' అక్కడికి చేరాక ఇంకోటి. ఊపిరి బయటకు వదిలేటప్పుడు పొడుగ్గా వదలండి, భుజాలు దించండి, పిడికిళ్లు వదులు చేయండి. మీ పేరుతో మీరే మాట్లాడుకోండి: 'రాజూ, ఇంకో యాభై అడుగులు.' మనల్ని మనం బయటి నుంచి పిలుచుకున్నప్పుడు కంగారు కాస్త దూరం జరుగుతుంది.

వారానికి ఒక్కరోజే ఇలా అంచు దాకా వెళ్లండి. మిగతా రోజులు హాయిగా పరుగెత్తాలి.

నొప్పి వస్తే ఓర్చుకోవాల్నా, ఆపాల్నా?

రెండు తొడలూ, రెండు పిక్కలూ సమానంగా పట్టేసినట్టు ఉండి, మూడు రోజుల్లో తగ్గితే అది కొత్త పనికి కండ చెప్పే బదులు. మెల్లగా నడవండి చాలు. ఒకే కాలిలో, వేలు పెట్టి చూపించగలిగేంత చిన్నచోట నొప్పి ఉండి, పరుగెత్తే కొద్దీ పెరిగినా, రాత్రి నిద్ర లేపినా ఆపి డాక్టర్‌కు చూపించాలి. ఛాతీ పట్టేసినా, నొప్పి ఎడమ చేతిలోకో దవడలోకో పాకినా అక్కడికక్కడే ఆపి 108.

నేను మొదటి ఏడాది మోకాలి కింద ముందు ఎముకలో నొప్పితో ఆరు వారాలు పరుగెత్తాను. అప్పట్లో నాకు నేర్పిన ఒక శిక్షకుడు 'నొప్పిని లెక్క చేయనోడే మొగోడు' అనేవాడు. ఆ మాట నమ్మాను. ఎముకలో చీలిక వచ్చింది, నాలుగు నెలలు పరుగు లేదు. ఆ మాట ఇప్పటికీ ఎక్కడైనా వినిపిస్తే నాకు కోపం వస్తుంది. మన బాక్సర్ నిఖత్ జరీన్ కూడా 2017లో భుజం గాయంతో ఆటకు దూరంగా ఉండి, నయం చేసుకుని వచ్చాకే 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయింది.

ఫోన్‌లో చూసి ఒకేరోజు 500 బస్కీలు కొట్టే పిల్లలకు ఒక హెచ్చరిక: అలవాటు లేని కండ అంత పనికి దెబ్బతిని, ఆ వ్యర్థం రక్తంలో కలిసి కిడ్నీలను పాడు చేయగలదు. మర్నాడు మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఏం తినాలె? ప్రోటీన్ పౌడర్ లేకుంటే కాదా?

జొన్న రొట్టె, పప్పు, గుడ్లు, పెరుగు, పల్లీలు, ఆకుకూర. పరుగుకు ముందు ఒక అరటిపండు. పౌడర్ లేకపోయినా ఏమీ తక్కువ కాదు.

మూడు వారాల సంది టైమింగ్ తగ్గతలేదు. మస్తు టెన్షన్ అయితంది.

రోజూ గడియారం పెట్టి పరుగెత్తుతున్నారా? ఆపేయండి. పది రోజులకు ఒక్కసారే టైమ్ చూసుకోండి. నిద్ర ఏడు గంటలుందో లేదో చూడండి. ఒక వారం దూరం సగానికి తగ్గించండి. చాలామందికి ఆ తర్వాతే సెకన్లు తగ్గాయి.

## ఈవెంట్స్ రోజు, ఆ తర్వాత

ఈవెంట్స్ ముందు రాత్రి అసలు నిద్ర పట్టదు. పొద్దున ఉరకగలనా?

ఉరకగలరు. ఒక్క రాత్రి నిద్ర తగ్గితే 1600 మీటర్ల మీద పడే ప్రభావం తక్కువే, 'నిద్ర పోలేదు, ఇక అయిపోయింది' అన్న గుబులే ఎక్కువ నష్టం చేస్తుంది. అంతకుముందు రెండు మూడు రాత్రులు బాగా నిద్రపోండి. ఆ రాత్రి పడుకుని కళ్లు మూసుకోండి, అదీ విశ్రాంతే. కొత్త బూట్లు, కొత్త టిఫిన్ వద్దు.

రెండు సెకన్లతో పోయింది. ఇంట్లో మొహం చూపించలేకపోతున్న.

తమ్ముడూ, చెల్లీ, ముందు ఇంటికి వెళ్లు. బస్టాండ్‌లో ఒంటరిగా కూర్చోవద్దు.

రెండు రోజులు ఏ నిర్ణయమూ తీసుకోకు. కోచింగ్ మానేయాలా, ఊరు వదలాలా, ఏదీ వద్దు. అన్నం తిను, పడుకో, ఒకరితో మాట్లాడు. ఏడుపు వస్తే ఏడువు. మూడో రోజు ఒక కాగితం మీద మూడే రాయి: మొదలుపెట్టినప్పుడు నీ టైమింగ్ ఎంత, మొన్న ఎంత, మధ్యలో ఎక్కడ సెకన్లు పోయాయి. తొమ్మిది నిమిషాల నుంచి 7 నిమిషాల 17 సెకన్లకు వచ్చిన మనిషివి నువ్వు. పోలీసు నియామక బోర్డు లెక్కలో అది ఫెయిలే, నేను కాదనను. నీ లెక్కలో మాత్రం ఆ నిమిషం నలభై మూడు సెకన్లు రాసి పెట్టుకో.

బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కు ఫోన్ చెయ్, లేదా పక్కనున్న మనిషిని పట్టుకుని ఆ మాట అలాగే చెప్పు. అలా చెప్పడం పిరికితనం కాదు.

అమ్మానాన్నలు ఇది చదువుతుంటే ఒక్క విన్నపం: ఆ రోజు పక్కింటివాళ్ల అబ్బాయి ఊసెత్తకండి. 'తిన్నవా బిడ్డా' అంటే చాలు.

అనుకున్న పది కిలోమీటర్లు పూర్తయినయి. ఇప్పుడేమో ఖాళీగా అనిపిస్తంది.

చాలామందికి ఇలాగే అవుతుంది. రెండు వారాలు గడియారం లేకుండా సరదాగా పరుగెత్తండి. ఆ తర్వాత ఈసారి వేరే రకం పెట్టుకోండి: ఈత, సైకిల్, గుట్టలెక్కడం. లేదా కొత్తగా వచ్చిన ఒకరిని ఐదు కిలోమీటర్ల దాకా తీసుకురండి. నాకు ఎక్కువ తృప్తినిచ్చింది అదే.

గ్రౌండ్‌లో ఉన్న ధైర్యం ఆఫీసుల, ఇంట్ల ఎందుకు రాదు?

దానంతటదే రాదు, మనమే తీసుకెళ్లాలి. పరుగు అయ్యాక ఫోన్‌లోనో నోట్‌బుక్‌లోనో ఒక్క వాక్యం రాసుకోండి: ఇవాళ ఎక్కడ ఆపాలనిపించింది, అప్పుడు ఏం చేశాను. మా దగ్గరికి వచ్చే ఒక దుకాణదారు అన్న 'ఆ స్తంభం దాకా' అనే మాటను అప్పులవాళ్లతో మాట్లాడేటప్పుడు వాడుకున్నాడు. మొత్తం అప్పు గురించి ఆలోచించడం ఆపి, ఈ వారం ఎవరికి ఎంత అని చూసుకున్నాడు. మీకు కష్టమైన సందర్భం ఏదో ముందే అనుకుని, అక్కడ వాడాల్సిన ఒక మాటో ఒక ఊపిరో గ్రౌండ్‌లోనే సాధన చేయండి.

మా నాయినకు 68 ఏండ్లు. అమ్మ పోయినకాడికెల్లి ఎవరితో మాట్లాడతలేడు. తీసుకరావచ్చా?

తీసుకురండి. ముందు డాక్టర్‌తో ఒకసారి బీపీ, గుండె, మోకాళ్లు చూపించండి. పరుగు అవసరం లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, పది నిమిషాల నడక చాలు. మొదటి వారం ఆయన బెంచీ మీద కూర్చుని చూసినా సరే, ఎవరూ బలవంతపెట్టరు. నడక అయ్యాక అందరం కలిసి చాయ్ తాగుతాం. ఆయనకు చక్కెర వేయాలో వద్దో మాత్రం ముందే చెప్పండి.